ఇరవై మూడో అధ్యాయం

నా కథానాయకుడి పుట్టిల్లు పుప్పాలగూడ.
నవ్వకండి.
అక్కడ ఒక బండ మీద ఇంకో బండ
పడీపడనట్టు, ఎన్ని కోట్ల ఏళ్లుగానో,
చెప్పబోయి ఆపుకున్న మాటలా నిలబడి ఉండేది.
నేను అద్దెకున్న గది కిటికీకి అదే ఎదురిల్లు.
ఒక మధ్యాహ్నం ఈల వేసి, ఎర్రజెండా ఊపి
పేల్చేశారు.
ఆ రాత్రి నా మంచం మీద, దుమ్ములో,
ఎవడో కూర్చుని ఉన్నాడు.
"ఇల్లు పోయింది. కొన్నాళ్లు ఇక్కడుండొచ్చా?" అన్నాడు.

అలా మొదలైంది.
ఇప్పుడు వాడి పేరు గ్రావుడు.
ఒంటి మీద అభ్రకం మెరుపు.
దీపం వెలిగినంతసేపే మనిషి, ఆరిందా, రాయి.
వాడి కోసం కోటలో నూనె దొంగిలించే పిల్ల ఇందుజ.
నెలకో అధ్యాయం, పత్రికలో రెండున్నర పేజీలు,
చివర్న సశేషం.

పగలు నేను మెహదీపట్నంలో రక్తం తీస్తాను.
పిడికిలి బిగించండి, అంటాను. వదలండి, అంటాను.
ప్రేమ గురించి నాకు తెలిసింది దాదాపు ఇంతే.
దొరకని నరాన్ని వేలికొసతో వెతకడం వచ్చాక
వర్ణనలు తగ్గించాను.
తామరతూళ్లు కొట్టేసి
"ఆమె మణికట్టు లోపల ఏదో పరిగెత్తింది" అని రాస్తే
నిజామాబాద్ నుంచి ఒకావిడ ఉత్తరం:
ఆ వాక్యం దగ్గర పాలు పొంగిపోయాయట.

ఇరవై మూడో అధ్యాయంలో ఇరుక్కుపోయాను.
కొండను పేల్చడానికి రాజుగారి మనుషులొచ్చారు.
గ్రావుడు ఇందుజ కళ్లు అరచేత్తో మూశాడు.
తర్వాత?
ఎన్నిసార్లు రాసినా వాడు రొమ్ము విరుచుకుని
క్యాలెండర్ బొమ్మలా నిలబడతాడు.
నాకే ఆవలింత వస్తోంది.
సంపాదకుడు సుదర్శనాచారి ఫోన్లో నసుగుతాడు:
"అమ్మా, ముద్దు ఈ నెలన్నా ఉన్నదా?
మూడేండ్ల సంది ఎదురుచూస్తున్నరు."

ఆ కళ్లు మూయడం నా సొమ్ము కాదు.
మూడు నెలలకోసారి షుగర్ పరీక్షకు వచ్చే
ఫసీహుద్దీన్ సాబ్ దగ్గర కాజేసింది.
బేగం చేతికి నేను దూది రాయగానే
ఆయన అరచెయ్యి ఆమె కళ్ల మీదికి దిగుతుంది,
నమాజు వేళకు గడియారాల దుకాణం షట్టర్
మెల్లగా దించినట్టు.

మొన్న మంగళవారం చిల్లర కోసం ఆయన కౌంటర్ దగ్గరే ఆగిపోయాడు.
జమీలా బేగం ఒక్కతే వచ్చి చెయ్యి చాపింది.
సూదిని సూటిగా చూస్తోంది,
దూరం నుంచి బస్సు నంబరు చదువుతున్నట్టు.
భయం లేదా అమ్మా, అన్నాను.
"నాకేం భయం బేటా, ఆరుగురిని కన్న.
భయం ఆయనకు.
కళ్లు గట్టిగ మూసుకుంటడు.
అది నేను చూడొద్దని ముందుగాల నావి మూస్తడు.
నలభై రెండేండ్ల సంది నాకు ఎర్క.
చెప్పకు, నక్కో."

పిడికిలి వదలమనడం మరిచిపోయాను.

అత్తాపూర్ బస్సులో నిలబడి,
పిల్లర్ల నంబర్లు వెనక్కి పోతుంటే,
పాత రసీదు వెనకాల రాశాను:
కొండ కింద వత్తి చిటపటలాడింది.
ఇందుజ కళ్ల మీద వాడి చెయ్యి.
చెయ్యి వణుకుతోంది.
ఇన్ని యుగాలు వాడు రాయిగా ఉన్నది
బలంతో కాదు, భయంతో.
ఆ సంగతి వేళ్ల సందుల్లోంచి ఆమెకు తెలిసింది.
తెలిసిందని చెప్పలేదు.
ఆ చీకట్లోనే చెయ్యి చాచి, వాడి కళ్లు ఎక్కడున్నాయో వెతికి
మూసింది.

ముద్దు లేదు.
సుదర్శనాచారి గారు అలుగుతారు, అలగనీ.
నా స్టాపు దాటి మూడు పిల్లర్లు నడిచి వెనక్కొచ్చాను.

గదిలో లైటు వేస్తే
వాడు మంచం చివర, గోళ్లు చూసుకుంటూ.
"అది కూడా రాయాలా?" అన్నాడు.
రాసేశాను, అన్నాను.
కొంచెం జరుగు.